పన్నెండింతల ఆంప్లిఫయరు

ఆ ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన ఒక పూలకుండీ ఉంది. కుండీ కింద ఉన్నది పీట కాదు, రెండు వేల నాలుగు వందల వాట్ల ఆంప్లిఫయరు. అటు పక్కన ఒకసారి బాగుచేయించిన మోకాలెత్తు నల్ల సబ్‌వూఫరు, అంటే లోతు మోత పలికే స్పీకరు పెట్టె, దాని మీద అరచెయ్యంత అరవై వాట్ల ఆంప్లిఫయరు ఉంటాయి. ఇంట్లో పాట మోగేది ఆ అరచెయ్యంత దానితోనే. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా, "ఇదేంటండీ, కుండీ కింద ఇంత పెద్ద ఇనప్పెట్టె?" అని అడిగితే ఇంటాయన ఏమాత్రం మొహమాటపడడు. "నా తెలివితేటలకి కట్టించిన సమాధి. రోజూ నీళ్ళు కూడా పోస్తున్నాం" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. ఇక వచ్చినవాళ్ళు ఆ పూటకి ఇంటికి వెళ్ళినట్టే.

ఆయన లిఫ్టు మెకానిక్. ముప్పయ్యేళ్ళ నుంచీ ఊళ్ళో జనాన్ని పైకెక్కించి కిందికి దించే యంత్రాలని బాగుచేస్తూ బతుకుతున్నాడు. తను మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటాడు. "వైద్యుడి ఇంట్లో మందుండదు లెండి" అని ఎవరైనా ఓదార్చబోతే, "మందు లేకపోవడం కాదండీ, అద్దెకి దిగేటప్పుడు మెట్లు గట్టిగా ఉన్నాయా లేదా అని గంటసేపు చూశాను, లిఫ్టుందా లేదా అని చూడ్డం మర్చిపోయాను" అంటాడు. అది అబద్ధం కాదు.

తోటి మెకానిక్కులు ఆయన్ని పన్నెండింతలాయన అంటారు. లిఫ్టుని మోసే ఇనప తాళ్ళు, ఎక్కే బరువుకి పన్నెండింతలు మొయ్యగలిగి ఉండాలి. పనిలో చేరిన మొదటిరోజు పెద్ద మెకానిక్ ఈ ముక్క చెప్పాడు. అందరూ దాన్ని బుర్రలో పెట్టుకున్నారు, ఈయనకి మాత్రం అది రక్తంలో కలిసిపోయింది. ఇంట్లో క్యాలెండరు వేలాడేది నాలుగంగుళాల బోల్టుకి. బట్టలారేసే తాడు పాత లిఫ్టు తాడు. దాని మీద ఏనుగుని ఉతికి ఆరేసినా తెగదు. ఒకసారి ఆయన భార్య మంచం కొందామంటే దుకాణంలో మంచం మీద తను ఎక్కి, దుకాణదారుణ్ణి ఎక్కించి, అటుగా పోతున్న ఇంకో ముగ్గురిని కూడా పిలిచాడు. ఆవిడ బయటికొచ్చి, ఆ మనిషెవరో తనకి తెలియనట్టు రోడ్డు మీద నిలబడింది.

ఆవిడ పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దం మార్చి అద్దం పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం ఆవిడ పని. గుడ్డితనానికి దగ్గర్లో ఉన్న ముసలివాళ్ళు కూడా నిమిషంలో ఏదో ఒకటి తేల్చేస్తారట. ఇంటికొస్తే ఈయన, పళ్ళపొడి మార్చాలా వద్దా అన్న విషయం మీద మూడు వారాల నుంచి ఆలోచిస్తూ ఉంటాడు.

వాళ్ళిద్దరికీ పరిచయమైంది కూడా లిఫ్టు వల్లే. ఇరవై నాలుగేళ్ళ కిందట ఆ కళ్ళజోళ్ళ దుకాణం ఒక పాత బిల్డింగులో అయిదో అంతస్తులో ఉండేది. ఒకరోజు పొద్దున ఆవిడ ఒక్కతే ఎక్కిన లిఫ్టు, మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. పెద్ద మెకానిక్ పైన మోటారు గదిలోకి వెళ్ళాడు. అప్పటికింకా కుర్రమెకానిక్ అయిన ఈయన్ని నాలుగో అంతస్తు తలుపు దగ్గర నిలబెట్టి, "లోపలి మనిషి కంగారుపడకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండరా" అన్నాడు.

ఆడపిల్లతో ఏం మాట్లాడాలో ఈయనకి తెలిస్తే కదా! తెలిసిందల్లా లిఫ్టు గురించే. తాళ్ళెన్నో, ఒక్కొక్కటి ఎంత లావో, ఒకటి తెగితే ఏమవుతుందో, రెండు తెగితే ఏమవుతుందో వివరంగా చెప్పాడు. ఇరుక్కుపోయిన మనిషికి ధైర్యం చెప్పే పద్ధతి ఇదేనా అని ఇప్పుడు తలుచుకుంటే ఆయనకే సిగ్గేస్తుంది. మధ్యలో ఒకటి మాత్రం పనికొచ్చేది చెప్పాడు. "మీ ఎడంచేతి వైపు గోడకి అరచెయ్యి ఆనించండి. పైన మోటారు బాగై తిరగడం మొదలెట్టగానే, లిఫ్టు కదలకముందే గోడలో సన్నగా గుర్రుమని తెలుస్తుంది. మాకు యంత్రం సంగతి చెవికంటే చేతికే ముందు తెలుస్తుంది." లోపల్నుంచి "సరే" అని వినిపించింది. అది ఆవిడ ఈయనతో అన్న మొదటి మాట.

ఆవిడ బయటికొచ్చేసరికి నలభై నిమిషాలైంది. తర్వాత ఆరు నెలలకి పెళ్ళైంది. ఆ నలభై నిమిషాల గురించి ఎవరడిగినా ఈయన చెప్పేది ఒకటే. "బ్రేకు ఒకటికి మూడుసార్లు చూడందే మనిషిని కదిలించకూడదు. నియమం నియమమే." ఇది చెప్పినప్పుడల్లా ఆవిడ తల వంచుకుని నవ్వుకునేది. తన కర్తవ్యదీక్షకి మురిసిపోతోందని ఈయన అనుకునేవాడు.

ఈయనకి పాత పాటలంటే ప్రాణం. రెండు చిన్న స్పీకర్లలో వింటూ, "పాట బాగుంది గానీ అడుగు లేదోయ్. పునాది లేని ఇల్లులా ఉంది" అని గొణుక్కునేవాడు. ఆవిడ విననట్టే ఉండేది. ఆయన యాభయ్యో పుట్టినరోజునాడు మాత్రం, తన దుకాణానికి వచ్చే ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే అతని దగ్గర ఆ నల్ల సబ్‌వూఫరు కొని, బండిలో వేయించుకుని, ఇద్దరు మనుషుల చేత మూడంతస్తులు మోయించి తెచ్చింది. "ఇదిగో మీ పునాది" అంది. ఈయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు, తట్టి చూశాడు, చివరికి వెనక్కి వంగి చూసి, "దీనికి ప్లగ్గు లేదే" అన్నాడు.

"అంటే?"

"లోపల స్పీకరు ఒక్కటే ఉంది. దీన్ని మోగించడానికి వేరే ఆంప్లిఫయరు కావాలి."

"అయ్యో, అతను చెప్పనేలేదు! మోగదా అయితే?" అని ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఎందుకు మోగదు? ఆంప్లిఫయరు కొందాం. సరైనది చూసి కొందాం" అన్నాడు. ఆ సరైనది అనే మాటతో తొమ్మిది నెలలు గడిచిపోయాయి.

మొదట రేడియోలు బాగుచేసే దుకాణానికి వెళ్ళాడు. అక్కడున్నది పాత రేడియోల మధ్య కూర్చుని తలెత్తకుండా పనిచేసుకునే ఒక పెద్దమనిషి. ఈయన రోడ్డు మీద నుంచే, "సబ్‌వూఫరుకి మంచి శక్తిగల ఆంప్లిఫయరు కావాలి" అని అడిగాడు.

"గది ఎంతుంటుంది?" అన్నాడు రేడియోలాయన.

ఈయన చెప్పాడు.

"అరవై వాట్లది చాలు. అదే ఎక్కువ."

ఈయనకి నవ్వొచ్చింది. "పెట్టె వెనకాల ప్లేటు మీద రెండొందల వాట్లని ఉందండీ."

"ప్లేటు మీద ఏదైనా రాస్తారు సార్. అది ఒక్క క్షణం మోసే లెక్క. నిలకడగా మోసేది అందులో సగం కూడా ఉండదు."

ప్లేటు మీద ఏదైనా రాస్తారు అన్న మాట ఈయన చెవికి బూతులా వినిపించింది. లిఫ్టులో ఎనిమిది మంది అని ప్లేటు ఉంటే ఎనిమిది మందే. ఆ అంకె కోసం తనిఖీలు చేస్తారు, సంతకాలు పెడతారు, తేడా వస్తే ఉద్యోగాలు ఊడతాయి. ముప్పయ్యేళ్ళు ప్లేటుని నమ్మి బతికిన మనిషి ఈయన. ఈ ముసలాయనకి చాదస్తం అనుకుని అక్కణ్ణించి వచ్చేశాడు. ఎవరికి చాదస్తమో తేలడానికి ఇంకా తొమ్మిది నెలలుంది.

ఇంటికొచ్చి కాగితం తీశాడు. పెట్టె బరువు రెండొందలు, దాన్ని మోసే తాడు ఆంప్లిఫయరు, తాడు పన్నెండింతలుండాలి, కాబట్టి రెండు వేల నాలుగు వందలు. లెక్క చూసుకుని తనకి తనే భుజం తట్టుకున్నాడు. ఇక కాలికి బలపం కట్టుకుని తిరగడం మొదలైంది. ప్రతి దుకాణంలో అవే ప్రశ్నలు. ఆపకుండా ఎన్ని గంటలు నడుస్తుంది? వేడెంత ఎక్కుతుంది? తెగితే ఏమవుతుంది? "ఏది తెగితే సార్?" అని అడిగేవాళ్ళు కుర్రాళ్ళు బిత్తరపోయి. ఆంప్లిఫయర్లని రెండు చేతులతో ఎత్తి బరువు చూసేవాడు. తేలిగ్గా లేస్తే పెదవి విరిచేవాడు. కొన్నాళ్ళకి ఈయన వీధి మొదట్లో కనబడగానే దుకాణాలవాళ్ళు భోజనానికి వెళ్ళిపోవడం మొదలెట్టారు.

ఈలోగా పెట్టె సంగతి వేరేగా నడిచింది. మొదటి నెల ఆవిడ దాన్ని రోజూ తుడిచేది. మూడో నెలలో దాని మీద ఇస్త్రీ బట్టలు చేరాయి. ఆరో నెలకి బట్టలతోపాటు గొడుగులు, పాత పేపర్లు. తొమ్మిదో నెలలో ఒకరోజు పేపర్లు సర్దుతూ ఆవిడ మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఏమండీ, నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. నేనేం అనుకోను. అక్కావాళ్ళకి ఇచ్చేస్తాను."

"నచ్చకపోవడమేంటి! నచ్చింది కాబట్టే కదా ఇంత చూస్తున్నాను" అన్నాడు.

"తొమ్మిది నెలలు చూస్తే నచ్చినట్టో కాదో నాకు తెలియదు మరి" అని ఆవిడ లోపలికి వెళ్ళింది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేదనిపించింది ఈయనకి. ఆవిడ ఇన్నేళ్ళలో తనంతట తను ఎంచి తెచ్చిన వస్తువు అదొక్కటే. దాని మీద తను గొడుగులు పెట్టించాడు. 

వెళ్తూ వెళ్తూ ఆవిడ ఒక గడువు కూడా పెట్టింది. ఆదివారం అక్క వస్తోంది. ఈలోగా మోగితే సరే, లేకపోతే పెట్టె అక్కతో వెళ్ళిపోతుంది.

శనివారం ఈయన సెలవు పెట్టి, మీటింగు హాళ్ళకి సామాను అమ్మే దుకాణానికి వెళ్ళి, సరిగ్గా రెండు వేల నాలుగు వందల వాట్ల ఆంప్లిఫయరు కొన్నాడు. దాన్ని ఎత్తబోతే నడుం పట్టేసింది. అప్పుడు గానీ తృప్తి కలగలేదు. ఇంటి మెట్ల మీద మొదటి అంతస్తులో ఒకసారి, రెండో అంతస్తులో రెండుసార్లు కూలబడ్డాడు. రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి చూసి, "పాపం, లిఫ్టుంటే బాగుండేది కదండీ" అంది. ఊరందరి లిఫ్టులూ ఈయన చేతి మీదుగా నడుస్తాయని ఆవిడకి తెలుసు. కావాలనే అంది.

భార్య దుకాణం నుంచి వచ్చేది సాయంత్రం ఆరింటికి. అప్పటికి గంట రెండున్నర. వైర్లు బిగించాడు. స్విచ్ వేశాడు. ఆంప్లిఫయరు వెనక ఫ్యాను హోరుమంది. అప్పుడు ఒక పాట పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని వింటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఈయనకో నియమం ఉంది. కొత్త లిఫ్టుని జనం ఎక్కడానికి ఇచ్చే ముందు బరువు పరీక్ష చెయ్యాలి. ప్లేటు మీద ఉన్న బరువు కాదు, దానికి పావువంతు కలిపి వెయ్యాలి. రెండొందలకి పావు యాభై. వెరసి రెండొందల యాభై. ఆవిడ వచ్చి కూర్చునే సమయానికి ఏ లోటూ ఉండకూడదు.

పాటైతే ఎగుడుదిగుడుగా ఉంటుంది, పరీక్షకి పనికిరాదు. అందుకని ఎడతెగని ఒకే ఒక మోత ఉన్న రికార్డింగు వెతికి పెట్టాడు. మీటరు చేతిలో పట్టుకుని, ముల్లు రెండొందల యాభై లెక్కకి వచ్చేదాకా బొత్తాం తిప్పాడు. పెట్టె భూంమ్మని అందుకుంది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. క్యాలెండరు మాత్రం కదల్లేదు. అది బోల్టుకి ఉంది కదా. ఈయన గడియారం చూసుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద తనిఖీ అధికారిలా నిలబడ్డాడు. పది నిమిషాలు మొయ్యాలి.

నాలుగో నిమిషంలో ముక్కుకి ఏదో తగిలింది. ఆ వాసన ఏ వంటింటిదీ కాదు. మోటారులో రాగితీగ కాలినప్పుడు వచ్చే వాసన. ముప్పయ్యేళ్ళుగా ఆ వాసన వస్తే పరిగెత్తి మెయిన్ ఆపే మనిషి, ఆ రోజు మాత్రం, "ఎవరింట్లోనో ఏదో మాడుతోంది" అనుకున్నాడు. ఇంతలో భూంమ్మనేది కాస్తా కీచుమని, టక్కుమని ఆగిపోయింది. పెట్టె ముందునుంచి సన్నని పొగ వచ్చి, ఈయన మొహం దాకా వచ్చి, మెల్లగా కిటికీలోంచి వెళ్ళిపోయింది. ఆంప్లిఫయరు ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

అప్పుడు వెలిగింది ఈయనకి. ఆంప్లిఫయరు తాడు కాదు, బరువు. పెట్టే తాడు. తొమ్మిది నెలలు వెతికి వెతికి, ఊళ్ళోకెల్లా పెద్ద బరువుని తెచ్చి, పాపం ఆ పెట్టె నెత్తిన పెట్టాడు. నిలకడగా మోసేది సగం కూడా ఉండదని ఆ రేడియోలాయన మొదటిరోజే చెప్పాడు. ఆ మాట ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. "నీలాంటివాడికి లిఫ్టు అప్పగించినవాణ్ణి అనాలి" అని తనని తనే తిట్టుకున్నాడు. కాసేపటికి తిట్లు కూడా అయిపోయి, నేల మీద పెట్టె పక్కన కూర్చుండిపోయాడు. ఆవిడ ఇష్టపడి తెచ్చింది. మోగకముందే కాల్చేశాడు. 

నిజం చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ ఆరు కాగానే మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు విని ఈయనకి ధైర్యం జారిపోయింది. తలుపులన్నీ తీసి, అగరుబత్తి వెలిగించి, గొడుగులూ పేపర్లూ తీసేసి, పెట్టెని నిగనిగలాడేలా తుడిచి, చిన్న స్పీకర్లలో పాట పెట్టాడు. ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. హోరుమంటున్న ఆంప్లిఫయరుని చూసింది, శుభ్రంగా ఉన్న పెట్టెని చూసింది. మొహం విప్పారింది.

"కొనేశారా!"

"కొనేశాను. కూర్చో, కూర్చుని విను" అన్నాడు తేలు కుట్టిన దొంగలా.

ఆవిడ చేతిసంచీ కూడా కింద పెట్టకుండా కూర్చుంది. ఈయన పాటకి తగ్గట్టు తలాడించాడు. డోలక్ వచ్చిన చోటల్లా మరికాస్త గట్టిగా ఆడించాడు. "అడుగు చూశావా, ఎలా ఉందో!" అన్నాడు. ఆవిడ ఆ రెండు చిన్న స్పీకర్ల వంక చూసి, ఈయన వంక చూసి, లేచి వెళ్ళి పెట్టె పక్కన కూర్చుంది. దాని మీద ఎడం అరచెయ్యి ఆనించింది. అలాగే కాసేపు ఉంది. పాటలో చరణం ఒకటి అయిపోయింది.

"మోటారు తిరగట్లేదండీ" అంది.

ఈయన తలాడించడం ఆపేశాడు. పాట కూడా ఆపేశాడు. ఇంకేం దాస్తాడు? ప్లేటు, పావువంతు, నాలుగో నిమిషం, వాసన, పొగ అన్నీ చెప్పేశాడు. "నువ్వు తెచ్చినదాన్ని నేను కాల్చేశాను. నచ్చక కాదు. నీ ముందు మోగేటప్పుడు ఏ లోటూ రాకూడదని. నాకు ఇంతకంటే ఎలా చూసుకోవాలో తెలియదు" అన్నాడు. 

ఆవిడ చెయ్యి పెట్టె మీద నుంచి తియ్యలేదు. "అక్కకి ఇవ్వడానికి కూడా పనికిరాకుండా చేశారు" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఈయనకి అర్థం కాలేదు. "ఒకటడుగుతాను చెప్పండి. మీ జన్మలో దేన్నైనా చూసి, ఇది చాలు, ఇంక పరీక్షలక్కర్లేదు అనుకున్నారా, ఒక్కసారైనా?"

ఈయనకి ఇరవై నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పని ముక్క ఒకటి నోటిదాకా వచ్చింది. ఎలాగూ పరువు పోయిన రోజే కదా, ఇది కూడా పోనీ అనుకున్నాడు.

"ఒకసారి అనుకున్నాను. నువ్వు లిఫ్టులో ఉన్న రోజు, నీ గొంతు విని. అది పదో నిమిషానికే బాగైపోయింది. పెద్దాయన పైనుంచి కేకేసి చెప్పాడు కూడా. ఇంకోసారి చూడండి, ఇంకోసారి చూడండి అని ఆయన్ని ఆపింది నేనే. బ్రేకు కోసం కాదు. నువ్వు దిగితే నీ దారిన వెళ్ళిపోతావు కదా అని. నియమం లేదు, గాడిదగుడ్డు లేదు. అందరికీ అబద్ధమే చెప్తున్నాను ఇన్నాళ్ళూ."

"తెలుసు" అంది ఆవిడ.

"ఏం తెలుసు?"

"పదో నిమిషానికే బాగైందని."

"ఎవరు చెప్పారు? పెద్దాయనా?"

"గోడ చెప్పింది. చెయ్యి ఆనించమన్నది మీరే కదా? గుర్రుమంది. అరగంట సేపు గుర్రుమంటూనే ఉంది. చెయ్యి తిమ్మిరెక్కిపోయింది నాకు."

ఈయన తలెత్తి చూశాడు. "మరి అప్పుడే అనలేదేం, తలుపు తియ్యమని?"

ఆవిడ పెట్టె మీద నుంచి చెయ్యి తీసి, చీర కొంగుతో పెట్టె మీద పడ్డ అగరుబత్తి బూడిద తుడిచింది.

"అంటే తీసేసేవాళ్ళు కదా మీరు!" అంది.